గంజి, అయోడిన్, ఒక గోలీ

మందు మతలబు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. షుగరుకు, లావుకు ఇచ్చే గోలీల్లో కొన్ని ఒంట్లోని ఎంజైములను, అంటే తిండిని అరిగించడం లాంటి పనులు చేసే ప్రొటీన్లను, ఆపుతాయట, అట్లా ఆపడం మంచిదేనా అని. అందుకే ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: నేను డాక్టరును కాను. హనుమకొండలో ఒక ఫార్మసీ కాలేజీలో 31 ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాను. మందు లోపలికి పోయి ఏం చేస్తుందో చెప్పగలను. మీకు ఏ మందు కావాలో మీ డాక్టరే చెప్పాలి.

మేడమ్, నేను డిగ్రీ చదువుతున్న. ఎంజైము అంటే ఒంటికి పనికొచ్చేదే గద. దాన్ని ఆపితే షుగర్ ఎట్ల తగ్గుతది? మా బాపుకు వోగ్లిబోస్ రాసిన్రు. అన్నం మొదటి ముద్దతోనే వేసుకోవాలన్నరు. ఎందుకట్ల?
— ఒక విద్యార్థిని, హుజూరాబాద్

బిడ్డా, దీనికి జవాబు మీ ఇంట్లో గంజి గిన్నెలోనే ఉంది. మా కాలేజీలో రెండో ఏడాది పిల్లలతో ఏటా చేయించిన ప్రయోగం చెప్తాను.

పొద్దున వార్చిన గంజిని నీళ్లు కలిపి బాగా పలచన చేసేవాళ్లం. మూడు పరీక్ష నాళికల్లో సమానంగా పోసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టేవాళ్లం. ఒకరు నోరు పుక్కిలించి, ఆ లాలాజలాన్ని శుభ్రమైన గ్లాసులో పట్టి ఇచ్చేవారు. లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. మొదటి నాళికలో ఉత్త లాలాజలం. రెండోదాంట్లో లాలాజలంతో పాటు, షుగరుకే ఇచ్చే అకార్బోస్ అనే ఇంకో గోలీ నూరి కలిపిన నీళ్లు. మూడోదాంట్లో లాలాజలంతో పాటు వోగ్లిబోస్ గోలీ నీళ్లు. గోలీల తయారీలో కూడా పిండి కలుపుతారు కాబట్టి ఆ నీళ్లను తప్పకుండా వడగట్టాలి. ఆ మాట మరిచిన పిల్లలకు లెక్క తప్పేది.

ఇక నిమిషానికోసారి ఒక్కో నాళిక నుంచి ఒక చుక్క తీసి, తెల్ల పింగాణీ పలకలో అయోడిన్ మీద వేయాలి. పిండి ఉన్నంతసేపు సిరా పోసినట్టు నీలం వస్తుంది. మొదటి నాళికలో ఆ నీలం ఊదా అవుతుంది, తర్వాత ఇటుకరంగు, ఆ తర్వాత ఉత్త అయోడిన్ పసుపు మిగులుతుంది. పిండి తెగి చిన్న చక్కెరలైపోయిందన్నమాట. అకార్బోస్ ఉన్న నాళిక మాత్రం ఎంతసేపు చూసినా నీలంగానే ఉంటుంది. పిల్లలు పలక మీదికి వంగి చూస్తూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయే క్షణం అది. పాఠం చెప్పిన ఇన్నేళ్లలో నాకు అంత ఇష్టమైన క్షణం ఇంకోటి లేదు.

అకార్బోస్ చూడటానికి పిండి ముక్కలాగే ఉంటుంది. చెరుకు గడ అనుకుని వెదురు ముక్క కొరికినట్టు ఎంజైము దాన్ని పట్టుకుంటుంది. కొరకలేదు, వెంటనే వదలలేదు. అది నోట్లో ఉన్నంతసేపు అసలు పిండి జోలికి పోలేదు. ఈ పదార్థాన్ని తయారుచేసేది యాక్టినోప్లేన్స్ అనే మట్టి బ్యాక్టీరియా. జర్మనీ కంపెనీ బేయర్ దాన్ని పట్టుకుని మందుగా మలిచింది. 1990లో జర్మనీలో, 1995లో అమెరికాలో వాడకానికి వచ్చింది.

ఇప్పుడు మీ బాపు గోలీ సంగతి. మూడో నాళికలో, అంటే వోగ్లిబోస్ ఉన్నదాంట్లో, నీలం పోతుంది! ఒక ఏడాది ఒక అమ్మాయి ఈ గోలీ పనికిరాదా మేడమ్ అని అడిగింది. పనికొస్తుంది, కానీ దాని చోటు వేరు. అన్నం రెండు మజిలీల్లో తెగుతుంది. మొదట అమైలేజ్ పెద్ద తాళ్లను ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను చిన్న పేగు గోడకు అంటుకుని ఉన్న గ్లూకోసిడేజులు అనే ఎంజైములు విడి గ్లూకోజుగా విప్పుతాయి. అకార్బోస్ రెండు చోట్లా అడ్డం పడుతుంది. జపాన్‌లో 1994లో వచ్చిన వోగ్లిబోస్ రెండో మజిలీలోనే అడ్డం పడుతుంది. అక్కడ అది చాలా గట్టిది కాబట్టే మోతాదు 0.2, 0.3 మిల్లీగ్రాములు. అకార్బోస్ అయితే 25, 50 మిల్లీగ్రాముల లెక్క.

మొదటి ముద్దతో ఎందుకంటే, అన్నం పేగులోకి వచ్చేసరికి మందు అక్కడ ఉండాలి. అన్నం తిని చేయి కడుక్కున్నాక గుర్తొచ్చి వేసుకుంటే బండి పోయాక గేటు వేసినట్టే. ఇది అన్నం అరగకుండా చేసే మందు కాదు. అరగడాన్ని మెల్లగా చేసి, తిన్న గంటకు షుగరు ఒక్కసారి ఎగబాకకుండా చూస్తుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అర శాతం నుంచి ముప్పావు శాతం దాకా దించుతుంది. ఎక్కువేమీ కాదు. కానీ మూడు పూటలా అన్నం తినే మన ఇళ్లలో ఆ తేడాకు విలువ ఉంది.

కడుపుబ్బరం, గాలి పోవడం మాత్రం దీనితో వచ్చేవే. తెగని పిండి పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. నలుగురిలో కూర్చోలేక మానేశాను, డాక్టరుకు చెప్పలేదు అని నాతో చాలామంది అన్నారు. చెప్పండి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి కొన్ని వారాల మీద పెంచితే చాలామందికి సర్దుకుంటుంది.

అక్కా, మా అత్తమ్మకు మొన్న షుగర్ డౌనై చెమటలు పట్టినయి, చేతులు వణికినయి. చక్కెర నీళ్లు తాగిచ్చినం. ఎప్పుడు దాంతోనే లేసి కూసునేది. ఈసారి అరగంటైనా తేరుకోలే. నెల కింద గోలీ మార్చిన్రు. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడు కలిసినదట.
— ఒక పాఠకురాలు, నర్సంపేట

చెల్లే, నీ ఉత్తరం చదివి నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు. ఇదే మా పెద్దన్నకూ జరిగింది.

కాజీపేటలో మా మేనకోడలి పెళ్లి. ముహూర్తం ఆలస్యమై భోజనాలు మూడు దాటాయి. అన్న పొద్దున గోలీ వేసుకున్నాడు, సరిగా తినలేదు. కుర్చీలోనే చెమటతో అంగీ తడిసిపోయింది, మాట తడబడుతోంది. ఎవరో లడ్డూ తెచ్చి నోట్లో పెట్టారు. నేను వంటవాళ్ల దగ్గరికి ఉరికి చక్కెర తెచ్చి నీళ్లలో కలిపి తాగించాను. పావుగంట అయింది, మార్పు లేదు. అప్పుడు వదిన సంచిలోంచి మందుల చీటీ తీసి చూస్తే అందులో వోగ్లిబోస్ ఉంది. క్లాసులో ఇన్నేళ్లు చెప్పిన పాఠం అది, నా అన్న ముందు నిలబడ్డప్పుడు గుర్తుకు రాలేదు. పిల్లవాణ్ని పరుగెత్తించి గ్లూకోజ్ పొట్లం తెప్పించి మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాం. పది నిమిషాలకు నన్ను పేరు పెట్టి పిలిచాడు.

మనం వాడే చక్కెర, బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజు. అంటే గ్లూకోజు, ఫ్రక్టోజు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు విప్పితేనే గ్లూకోజు రక్తంలోకి పోతుంది. విప్పే ఎంజైమును ఈ గోలీ ఆపి ఉంచింది. అందుకే చక్కెర కడుపులో ఉన్నా రక్తానికి అందదు. గ్లూకోజు పొడికి విప్పే పనే లేదు, నేరుగా పోతుంది. అకార్బోస్, అదే రకం మందు మిగ్లిటాల్ వాడేవాళ్లకూ ఇదే నియమం.

ఇంకో సంగతి. షుగరును అంత కిందికి దించింది వోగ్లిబోస్ కాదు. దాని పక్కనున్న గ్లిమెపిరైడ్ తిండి తిన్నా తినకున్నా ఇన్సులిన్‌ను బయటికి నెడుతుంది, దించింది అదే. వోగ్లిబోస్ చక్కెర నీళ్లను పనిచేయకుండా చేసింది.

అత్తమ్మ కొంగు ముడిలోనో, చేతిసంచిలోనో ఎప్పుడూ గ్లూకోజు పొట్లం ఉండాలి. మూడు చెంచాలు ఇచ్చి, పావుగంటకు మళ్లీ షుగరు చూడండి. తగ్గే ఉంటే ఇంకోసారి ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. గోలీ మార్చినప్పుడు మా అన్నకు ఈ మాట డాక్టరూ చెప్పలేదు, మందుల దుకాణంలోనూ చెప్పలేదు. ఒక్క నిమిషం పట్టే మాట. ఈ ఉత్తరం చదివే ఫార్మసిస్టులు చాలామంది నా విద్యార్థులే. మీ చేతి మీదుగా ఈ గోలీ పోయిన ప్రతిసారీ ఆ మాట చెప్పండి నాయనా.

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చినప్పుడల్లా వరంగల్‌ల నెలకు సరిపడ షుగర్ గోలీలు కొంట. సిటాగ్లిప్టిన్ ఒకప్పుడు ఒక్కటి నలభై దాక ఉండె. ఇప్పుడు పది పన్నెండుకే ఇస్తున్రు. ఇంత తగ్గిందంటే నకిలీదా మేడమ్?
— ఒక రైతు, పరకాల

అన్నా, ధర తగ్గింది కాబట్టి నకిలీ అనుకోవద్దు. ఆ మందు మీద మన దేశంలో ఉన్న పేటెంట్ 2022 జులైలో ముగిసింది. అప్పటిదాకా అనుమతి ఉన్నవాళ్లే అమ్మాలి. ఆ తర్వాత మన కంపెనీలు పదుల సంఖ్యలో తయారుచేశాయి, పోటీ పెరిగింది, ధర పడింది. దాని అన్నదమ్ముల్లాంటి విల్డాగ్లిప్టిన్‌కు అంతకుముందే, 2019 చివర్లో, ఇట్లాగే జరిగింది. లైసెన్సు ఉన్న దుకాణంలో, బ్యాచ్ నంబరు రాసిన బిల్లుతో కొనండి. పట్టీ మీది నంబరు, బిల్లు మీది నంబరు ఒకటేనా చూసుకోండి.

ఆ గోలీ వెనక ఉన్న కథ కూడా చెప్పాలి. ఎంజైమును ఆపే మందు తయారుచేయడంలో అసలు కష్టం ఎక్కడుందో అది చెప్తుంది.

మనం తిన్నప్పుడు పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను వస్తుంది. అన్నం వస్తోంది, ఇన్సులిన్ సిద్ధం చేయమని క్లోమానికి కబురు పెడుతుంది. రక్తంలో షుగరు ఎక్కువగా ఉన్నప్పుడే దాని మాట చెల్లుతుంది కాబట్టి షుగరు మరీ పడిపోదు. చిక్కేమిటంటే ఆ హార్మోనుకు ఆయుష్షు చాలా తక్కువ. డీపీపీ-4 అనే ఎంజైము కత్తెరలా వచ్చి దాని తల దగ్గర రెండు అమైనో ఆమ్లాలను తుంచేస్తుంది. రెండు నిమిషాలు తిరగకుండానే సగం పనికిరాకుండా పోతుంది. కత్తెరను పట్టుకుంటే కబురు ఎక్కువసేపు నిలుస్తుంది. సిటాగ్లిప్టిన్ చేసే పని అదే.

వినడానికి తేలిగ్గా ఉంది. కానీ మెర్క్ కంపెనీ మొదట ఇంకో కంపెనీ నుంచి తెచ్చుకున్న పదార్థాలు కత్తెరను బాగానే ఆపాయి, జంతువులకు మాత్రం జబ్బు తెచ్చాయి. ఎందుకని వెతికితే, డీపీపీ-8, డీపీపీ-9 అని దానికి చుట్టాలైన ఎంజైములు బయటపడ్డాయి. ఆకారంలో పోలిక ఉండటంతో ఆ మందు వాటినీ పట్టుకుంటోంది. కావాలని ఆ రెండింటినే ఆపే పదార్థం చేసి ఇస్తే కుక్కలకు నెత్తురు విరేచనాలయ్యాయి, ఎలుకలకు రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. పాత పదార్థాలను పక్కన పెట్టి, చుట్టాల జోలికి పోకుండా ఒక్క డీపీపీ-4నే పట్టేదాని కోసం మళ్లీ మొదటి నుంచి వెతికారు. అట్లా దొరికిందే సిటాగ్లిప్టిన్. చుట్టాలను ఆపాలంటే డీపీపీ-4ను ఆపడానికి సరిపోయే మందుకు 2,600 రెట్లు పైగా కావాలి. 2006 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మీ జేబులో ఉన్న పది రూపాయల గోలీ వెనక ఇంత వెతుకులాట ఉంది.

కీళ్లు విపరీతంగా నొప్పి పెట్టినా, పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోండి. అరుదుగా ఈ మందు వల్ల కూడా అట్లా వస్తుంది. కిడ్నీలు నెమ్మదించినవాళ్లకు మోతాదు తగ్గించాలి, ఏడాదికోసారైనా క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి.

మేడమ్, నాకు 27 ఏండ్లు, 84 కిలోలు. జిమ్‌ల ఒకాయన ఓర్లిస్టాట్ క్యాప్సూళ్లు ఇచ్చి, కొవ్వును బయటికి పంపుతయి, ఎంత తిన్నా పర్వాలేదన్నడు. నాలుగు రోజులకు బట్టలు పాడై ఆఫీసుల తల దించుకోవాల్సొచ్చింది. నాకేమన్న రోగమా?
— ఒక పాఠకురాలు, మంచిర్యాల

రోగం కాదు తల్లీ. ఎంత తిన్నా పర్వాలేదన్న మాట తప్పు, తప్పు నీది కాదు.

నూనె, నెయ్యి పేగులో అరగాలంటే లైపేజ్ అనే ఎంజైము దాన్ని విడగొట్టాలి. ఓర్లిస్టాట్ ఆ లైపేజ్‌ను ఆపుతుంది. భోజనంతో 120 మిల్లీగ్రాములు వేసుకుంటే తిన్న కొవ్వులో సుమారు 30 శాతం అరగకుండా, పీల్చుకోబడకుండా మిగులుతుంది. ఆ మిగిలింది నూనెగానే బయటికి రావాలి కదా. నువ్వు ఆ రోజు సకినాలో, సర్వపిండో తిని ఉంటావు. నూనె ఎంత ఎక్కువైతే ఇబ్బంది అంత ఎక్కువ. నువ్వు ఒంటి మీది కొవ్వు కరిగి పోతోందనుకున్నావు, పోతున్నది పళ్లెంలోని నూనె.

దీని మూలం కూడా ఒక మట్టి సూక్ష్మజీవే. స్ట్రెప్టోమైసిస్ జాతిది, లిప్‌స్టాటిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. దాన్ని కొద్దిగా మార్చి ఈ మందు చేశారు. అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది. ఏడాది వాడితే మందు లేని ఉత్త గోలీ వేసుకున్నవాళ్లకంటే మూడు కిలోల దాకా అదనంగా తగ్గుతారు, అదీ తిండి తగ్గిస్తేనే. బరువు ఎక్కువున్నవాళ్ల మీద నాలుగేళ్లు నడిపి 2004లో ప్రచురించిన పరీక్షలో షుగరు వచ్చే అవకాశం 37 శాతం తగ్గిందని తేలింది. కాబట్టి పనికిరాని మందేమీ కాదు. కానీ లైపేజ్‌ను ఆపితే అన్నం మీద ఏ ప్రభావమూ ఉండదు. నీ బరువు వచ్చింది పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్నం వల్లనైతే, తీపి చాయ్ వల్లనైతే, ఈ క్యాప్సూల్ దానికి అడ్డం పడదు.

ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతో పాటే ఒంటికి పడతాయి, కొవ్వుతో పాటే పోతాయి కూడా. అందుకే ఇది వాడేవాళ్లకు రాత్రి పడుకునేముందు విటమిన్ గోలీ ఇస్తారు. థైరాయిడ్ గోలీ వేసుకుంటుంటే రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులు అసలు వాడకూడదు. ఇవేవీ అడగకుండా చేతిలో పెట్టినవాడి దగ్గర ఇంకోసారి మందు తీసుకోకు.

లావు తగ్గించడానికి వేరే ఎంజైమును ఎంచుకుని దెబ్బతిన్న కథ ఒకటుంది. బెలోరానిబ్ అనే సూది మందు మెటాప్-2 అనే ఎంజైమును ఆపేది. ఆకలి ఎంతకూ తీరని ప్రాడర్-విల్లీ అనే పుట్టు జబ్బున్నవాళ్ల మీద పరీక్షిస్తుంటే బరువు బాగా తగ్గింది. కానీ 2015లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టి ఇద్దరు చనిపోయారు. మరుసటి ఏడాది ఆ మందును వదిలేశారు. ఆ ఎంజైము ఒంట్లో అన్నిచోట్లా పనిచేస్తుంది. నీ క్యాప్సూల్ చాలావరకు పేగు దాటి రక్తంలోకి పోదు. బట్టలు పాడుచేసింది, నీకు చాలా కష్టం అనిపించింది, నాకు తెలుసు. అయినా పేగులోనే పనిచేసి పేగులోంచే పోవడమే దానిలోని మంచి గుణం.

మా మల్బరీ తోట గట్టు పొడుగునా తంగేడు. బతుకమ్మకు పోను మిగిలిన పూలు ఎండబెట్టి కషాయం తాగితే షుగర్ పోతదని, అది గూడ ఎంజైమునే ఆపుతదని ఒకరు చెప్పిన్రు. మల్బరీ ఆకు గూడ మంచిదట. గోలీలు మాని ఇవి తాగొచ్చా?
— జనగామ దగ్గరి నుంచి ఒక రైతు

తంగేడు మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మ మొదటి వరస. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఆ పూల సారం ఎలుకలకు ఇస్తే తిన్న తర్వాత షుగరు పెరగడం తగ్గిందని, గ్లూకోసిడేజును ఆపిందని పరిశోధనలు వచ్చిన మాట నిజం. మల్బరీ సంగతి ఇంకా గట్టిది. 1976లో జపాన్‌వాళ్లు మల్బరీ వేరు బెరడులోంచి డీఆక్సీనోజిరిమైసిన్ అనే పదార్థం తీశారు. మొదటి ఉత్తరంలో చెప్పిన గ్లూకోసిడేజులను అది ఆపుతుంది. దాన్ని మార్చి చేసిన మిగ్లిటాల్‌కు 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. మీ పట్టుపురుగులు తినే చెట్టులోంచి గోలీ పుట్టింది తమ్ముడూ.

అయితే ఆ రెండింటి మధ్య ఇరవై ఏళ్లు ఏం చేశారన్నది చూడాలి. పరీక్ష నాళికలో ఎంజైమును ఆపడం కష్టమేమీ కాదు. నేరేడు గింజ, దానిమ్మ తొక్క, చిక్కటి చాయ్ డికాక్షన్, వగరుగా ఉన్నవాటిలో చాలావరకు ఆపుతాయి. నేరేడు పండు తింటే నాలుక పట్టేసినట్టు అవుతుంది కదా, వగరులోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకోవడం వల్లనే అట్లా అవుతుంది. ఎంజైము కూడా ప్రొటీనే, దాన్నీ అట్లాగే పట్టేస్తాయి. ఇది ఫలానా ఎంజైము అని చూడవు. మందు చేసేవాడు ఆ ఒక్కదాన్నే పట్టేదాన్ని వెతకాలి, ఎంత మోతాదుకు ఎంత తగ్గుతుందో కొలవాలి, ఏళ్ల తరబడి వాడితే కాలేయం, కిడ్నీలు ఎట్లా ఉన్నాయో చూడాలి. గట్టు మీద ఈ ఏడాది పూసిన పువ్వులో, వచ్చే ఏడాది పూసేదాంట్లో ఆ గుణం ఒకే పాళ్లలో ఉండదు.

గోలీలు మానొద్దు. వాటితో పాటు కషాయం రోజూ తాగాలనుకుంటే డాక్టరుకు చెప్పి, నాలుగు వారాలు పరగడుపునా, తిన్న రెండు గంటలకూ షుగరు చూసి కాగితం మీద రాసుకోండి. గ్లిమెపిరైడ్ లాంటిది వాడుతుంటే ఇంకా జాగ్రత్త, షుగరు డౌన్ కావచ్చు. ఆ కాగితం నాకూ పంపండి, నిజంగా చూడాలని ఉంది.

వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ సూది మొదలుపెట్టారు. పాత చీటీలోని సిటాగ్లిప్టిన్ కూడా కొనసాగించాలా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

రెండూ కలిపి వాడితే అదనపు లాభం దాదాపు ఉండదు. సెమాగ్లుటైడ్ జీఎల్‌పీ-1 లాంటిదే, కాకపోతే డీపీపీ-4 కత్తెర తుంచే చోట ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి కత్తెరకు తెగకుండా చేశారు. తెగనిదాన్ని కాపాడటానికి ఇంకో గోలీ ఎందుకు? పాత చీటీ, కొత్త చీటీ రెండూ పట్టుకుపోయి డాక్టరు ముందు పక్కపక్కన పెట్టి అడగండి. మీరే మానేయొద్దు. ఆ గోలీ మెట్‌ఫార్మిన్‌తో కలిసి వచ్చినదైతే, మానేస్తే మెట్‌ఫార్మిన్ కూడా పోతుంది.